టేకు డైనింగ్ బల్ల, కీ గడియారం ఆర్డరిచ్చారా? మిగతా డబ్బు ఇచ్చేముందు ఇది చదవండి

దుకాణం పేరు రాయడం లేదు. టేకు పలక మీద చెంబుడు నీళ్లు గుమ్మరించి రంగు చూపించే వీడియోలు పెడతాడే, ఆయన. ఇటు పాలకొల్లు, నరసాపురం వైపు గానీ, అటు కోనసీమలో గానీ ఈ మధ్య ఇల్లు కట్టుకుని సామాను చేయించుకున్నవాళ్లకి ఇంతకన్నా చెప్పక్కర్లేదు.

మా పెదనాన్నగారి ఇంటికి ఒక డైనింగ్ బల్ల, ఒక గోడ గడియారం. బల్ల పూర్తిగా చేవ టేకు (చెట్టు లోపలి ముదురు కర్ర), 6 అడుగులు పొడవు, 3 అడుగులు వెడల్పు. గడియారానికి మూడడుగుల టేకు పెట్టె, లోపల వారానికొకసారి కీ ఇచ్చే మిషను, గంటలూ అరగంటలూ కొట్టాలి. కుర్చీలతో కలిపి 1,65,000 బేరం, సగం అడ్వాన్సు. చీకటి పడ్డాక టాటా ఏస్‌లో తెచ్చి, చుట్టిన దుప్పట్లు విప్పకముందే మిగతా సగం ఫోన్‌పేలో వేయించుకుని వెళ్లిపోయారు. నెల తిరక్కుండా బల్ల మధ్యలో చీలింది. గడియారం సంగతి ఆ వెనకే బయటపడింది.

ఫోన్ చేసి బల్ల పగిలిందంటే ఆయన మొదటి మాట: "కర్రన్నాక పగులుద్దండి. మన గాలంతే." మరి గడియారం? "టైం చూపిస్తందా లేదా? లోపలేవుంటే మీకెందుకండి?" పెదనాన్నగారు గొంతు పెంచకుండానే, కీ మిషనని కదా బాబూ మాట్లాడుకున్నాం అన్నారు. "ఇంత తెలిసినోళ్లు మీరే చేసుకోపోయారా?" అని ఫోన్ పెట్టేశాడు. డెబ్బై దాటిన మనిషితో అన్నాడు ఆ మాట, స్పీకర్లో ఇంటిల్లిపాదీ వింటుండగా. అడ్వాన్సు తీసుకున్నప్పుడు ఇదే నోటితో బాబాయిగారూ బాబాయిగారూ అని కాఫీ తెప్పించాడు. డబ్బు పోవడం ఒక ఎత్తు, ఆ మాట ఒక ఎత్తు. అది విన్న దగ్గర్నుంచీ పెదనాన్నగారు ఆ బల్ల దగ్గర కూర్చుని భోంచేయడం మానేశారు.

"కర్రన్నాక పగులుద్ది" అనగానే నిజమే కాబోలు అని వెనక్కి తగ్గేవాళ్లు చాలామంది ఉంటారు. అందుకని ముందు దీని సంగతి చూద్దాం. కర్ర కదులుతుంది, అది నిజం. ఆ కదలికకి చోటు వదిలి బల్ల కట్టడం వచ్చినవాడినే వడ్రంగి అంటారు. పొడవు వైపు కర్ర దాదాపు కదలదు, కదిలేదంతా వెడల్పులోనే. పచ్చి టేకు పూర్తిగా ఆరేసరికి, దుంగ పక్క నుంచి కోసిన పలక వెడల్పులో 5 శాతం పైచిలుకు కుంచించుకుంటుంది. గుండె మీదుగా కోసిన పలకైతే అందులో సగం. మిగతా కర్రలతో పోలిస్తే ఇది తక్కువే, టేకుకి అంత పేరు రావడానికి ఇదీ ఒక కారణం. అలాంటి టేకు నెలలోపే చీలిందంటే తప్పు గాలిది కాదు.

ఆ బల్ల కాలికి తేమ మీటరు సూదులు గుచ్చితే ఇప్పటికీ 19 శాతం చూపిస్తోంది. మన తీరంలో ఇంట్లో వాడే సామానుకి 12 శాతం దగ్గర ఉండాలి, 14 దాటకూడదు. అంటే కోత మిల్లు నుంచి వచ్చిన పచ్చి కర్రని నీడలో పేర్చి ఆరబెట్టే ఓపిక లేకుండా, బట్టీలో ఆరబెట్టి సీజనింగ్ చేయించే ఖర్చూ పెట్టకుండా, నేరుగా చిత్రిక పట్టి పాలిష్ కొట్టేశారు. 3 అడుగుల వెడల్పున్న పలకలో తేమ నాలుగు శాతం తగ్గితే పావు అంగుళం దాకా లోపలికి జరుగుతుంది. ఆ పావు అంగుళం ఎక్కడికి పోవాలి? బల్ల కింద పడుకుని చూస్తే కనబడింది: పలకని చట్రానికి చుట్టూ స్క్రూలు వేసి, అది చాలనట్టు ఫెవికాల్ కూడా రాసి బిగించేశారు. స్క్రూ బెజ్జాన్ని పలక కదిలే దిక్కున కాస్త పొడుగ్గా, గాడిలా తొలిస్తే చాలు. లేదా జెడ్ ఆకారంలో ఉండే ఇనప క్లిప్పులు వేస్తారు, అవి పలకని పట్టి ఉంచుతాయి, కదలనూ ఇస్తాయి. పెద్ద ఖర్చు కాదు, ఒక పూట పని. అది చేయలేదు కాబట్టి పలకకి వేరే దారి లేక అతుకు పక్కనే, ఒక చివర నుంచి జానెడుకి పైగా చీలింది.

ఇంకోటి. పైన పీయూ (పాలీయురెథేన్) పాలిష్ అద్దంలా మెరుస్తోంది, అడుగున చెయ్యి పెడితే గరుగ్గా వట్టి చెక్క. అడుగున కనీసం రెండు కోట్లు సీలరైనా కొట్టకపోతే పైనుంచి తేమ పోదు, కిందనుంచి పోతుంది, పలక వంపు తిరుగుతుంది. మంచి పనివాడు కనబడని వైపు కూడా కొడతాడు.

ముదురు రంగు ఎందుకు వేశారో కాళ్ల అడుగున కాస్త గీకితే తెలిసింది. నాలుగు కాళ్లలో రెండిటికి సగం తెల్ల కర్రే. టేకుకి చెద పట్టదని మనం అనుకునేది చేవ గురించి. ఆ నూనె, ఆ ఘాటు వాసన చేవలోనే ఉంటాయి. పైనుండే తెల్ల కర్రకి ఆ గుణం లేదు, పుప్పి పురుగు ముందు పట్టేది దానికే. అందుకే చేవ టేకు కావాలన్నవాళ్లకి ముదురు రంగు వద్దని చెబుతాను. లేత పాలిష్ కింద తెల్ల కర్రని దాచడం కుదరదు.

"అసలైన గోదావరి టేకు" అన్న మాట కూడా వాడాడు. ఏజెన్సీ టేకు తెప్పలు కట్టుకుని గోదారి మీద రాజమండ్రి దాకా దిగిన ప్రాంతం మనది, ఆ పేరు చెబితే మనసు కరిగిపోతుంది. కానీ చిత్రిక పట్టాక పలకని చూసి ఇది ఏజెన్సీదా, మహారాష్ట్రలోని బల్లార్షాదా, ఓడలో వచ్చిన ఆఫ్రికా తోట టేకా అని కంటితో చెప్పడం చాలా కష్టం. అటవీ శాఖ వేలంలో కొన్న కర్రకి కాగితం ఉంటుంది. అది చూపించలేనివాడు ఆ పేరు చెప్పి ఎక్కువ ధర అడగకూడదు.

ఇక గడియారం. డయలు మీద రెండు కీ రంధ్రాలు, వాటికి ఇత్తడి రింగులు, కింద లోలకం ఊగుతోంది, గంట గంటకీ మోగుతోంది. పెదనాన్నగారు ఆదివారం ఆదివారం స్టూలెక్కి కీ ఇస్తున్నారు. ఎంత తిప్పినా బిగియడం లేదేమిటని అనుమానం వచ్చింది. వెనక ప్లైవుడ్ పలక మేకులు తీసి చూస్తే అరచేతిలో పట్టే నల్ల ప్లాస్టిక్ డబ్బా, అందులో ఒక పెన్సిల్ సెల్. కీ రంధ్రాల వెనక రెండు ఇత్తడి గొట్టం ముక్కలు జిగురుతో అంటించి ఉన్నాయి. కీ వాటిలో ఊరికే తిరుగుతోంది. గంట కొట్టేది రూపాయి బిళ్లంత స్పీకరు. పెదనాన్నగారు కీ ఇస్తారని తెలిసి, ఇచ్చిన తృప్తి కోసమని ఆ గొట్టాలు అంటించారు చూడండి, నన్ను బాగా మండించింది అదే. పొరపాటున వేరే మిషను పడిపోవడం కాదిది. కూర్చుని, కొలత చూసి, జిగురు రాసి చేసిన పని.

గంట కొట్టే నిజమైన కీ మిషనుకి రెండు స్ప్రింగులుంటాయి. ఒకటి ముళ్లు నడపడానికి, రెండోది గంట కొట్టడానికి. అరగంటకి ఒక దెబ్బ కూడా కలుపుకుంటే రోజుకి 180 దెబ్బలు, వాటికి విడిగా బలం కావాలి కాబట్టే రెండో రంధ్రం. కీ తిప్పుతుంటే టకటకమని పళ్లు జారుతున్న చప్పుడు వస్తుంది, పోనుపోను బిగుస్తుంది. లోలకాన్ని వేలితో ఆపితే గడియారం ఆగిపోవాలి. ముళ్లకి అనుమతిచ్చేది ఆ లోలకమే. మా దాంట్లో లోలకం ఆపినా ముల్లు నడుస్తూనే ఉంది, ఆ లోలకానికి అయస్కాంతం, తీగచుట్ట వేరే ఉన్నాయి, ఊగడం తప్ప దానికి పనిలేదు. లోలకం కింద చిన్న మర ఉందో లేదో కూడా చూడండి. మర దించితే గడియారం నెమ్మదిస్తుంది, ఎక్కిస్తే వేగం పెరుగుతుంది. పాతిక సెంటీమీటర్ల లోలకం, అంటే అర సెకనుకి ఒక ఊపు ఊగేది, ఒక్క మిల్లీమీటరు మారితే రోజుకి దాదాపు మూడు నిమిషాల తేడా వస్తుంది. అందుకే నిజమైన మిషనుకి ఆ మర మామూలుగా ఉంటుంది.

ఇలా సెల్‌తో నడిచే క్వార్ట్జ్ మిషను చెడ్డదని అనడం లేదు. టైం విషయంలో కీ మిషను కన్నా అదే నయం. క్వార్ట్జ్ అని చెప్పి ఆ ధరకి అమ్మితే ఎవరికీ గొడవ లేదు. వందల్లో దొరికే డబ్బా పెట్టి వేలు పెట్టి కొనాల్సిన మిషను డబ్బు తీసుకోవడం దొంగతనం.

పెట్టె పక్క పలకలు కూడా టేకు కావు, ఎండీఎఫ్ (కర్ర పీచుని జిగురుతో అదిమి చేసే పలక) మీద పల్చటి టేకు పొర. పైన కనబడే గీతలు అంచు తిరిగి మందంలోకి కొనసాగకపోతే అది పొరేనని గుర్తు. వెనక పలక ప్లైవుడ్ వేయడం మామూలే, దాన్ని తప్పనను. కానీ ముసురు పట్టినప్పుడు మన ఇళ్లలో గోడలే చెమ్మగిల్లుతాయి, ఎండీఎఫ్ అడుగు ఉబ్బి స్క్రూ పట్టు వదిలేస్తే అద్దంతో సహా కింద పడుతుంది.

బిల్లు మళ్లీ తీసి చూశాం. బల్లకి 7 సీఎఫ్‌టీ (ఘనపుటడుగులు) టేకు అని రాశారు. మీరే లెక్క కట్టండి. 6 అడుగులు × 3 అడుగులు, అంగుళం మందం పలక ఒకటిన్నర సీఎఫ్‌టీ. మూడంగుళాల చదరం, 30 అంగుళాల ఎత్తు కాళ్లు నాలుగూ కలిపి 0.63. చుట్టూ చట్రం అర సీఎఫ్‌టీ లోపు. మొత్తం 2.6, తరుగు ఉదారంగా మూడో వంతు వేసుకున్నా మూడున్నర. మిగతా మూడున్నర సీఎఫ్‌టీ కర్ర ఎక్కడుందని అడుగుదామంటే ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు.

కొనేవాళ్లు చేయాల్సింది ఇంతే. సామాను పగటి పూటే దించమనండి. బల్ల తిరగేయించి అడుగు చూడండి, గడియారం వెనక పలక వాళ్ల చేతే విప్పించండి. విప్పితే గ్యారంటీ పోతుందంటే బండి వెనక్కి పంపేయండి. చేవ టేకు, తేమ శాతం, మిషను రకం బిల్లు మీద రాయించుకోండి, నోటి మాట వినియోగదారుల కమిషన్‌లో నిలబడదు. ఇప్పటికే మోసపోయినవాళ్లు ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించుకోండి. దానికీ దిగి రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో, మీరుండే జిల్లాలోనే వేయొచ్చు, 5 లక్షల లోపు కొన్నదానికి ఫీజు లేదు, రెండేళ్ల గడువుంది. మేము వేస్తున్నాం. అదే దుకాణం బిల్లు మీ దగ్గరుంటే పొడవు, వెడల్పు, మందం అంగుళాల్లో కొలిచి, గుణించి 1728తో భాగించండి, సీఎఫ్‌టీ వస్తుంది. తేడా కనబడితే ఆ బిల్లు ఫొటో తీసి దాచండి, వాట్సాప్‌లో ఆయన పెట్టిన మెసేజీలు చెరిపేయకండి.