లాప్‌టాప్‌కి 'ఆల్ ఇన్ వన్' ట్రావెల్ అడాప్టర్: కొనొచ్చా?

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ ఎలక్ట్రికల్ షాపుల్లో నాలుగైదు వందలకు అమ్మే నల్ల చదరపు అడాప్టర్ గురించే ఇది. దుబాయ్, మలేషియా పనులకీ, జర్మనీ చదువులకీ వెళ్లేవాళ్లు ఎక్కువగా కొనేది ఇదే. ఫోనుకి బాగానే ఉంది. లాప్‌టాప్‌కి మాత్రం దీన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు.

ముందు వైరు మధ్యలో ఉండే ఛార్జర్ డబ్బా మీది చిన్న అక్షరాలు చదవండి. ఇన్‌పుట్ దగ్గర '100–240 వోల్టులు, 50–60 హెర్ట్జ్' అని ఉంటే జపాన్ 100, అమెరికా 120, మన 230 అన్నీ దానికి ఒకటే. ఇప్పటి లాప్‌టాప్ ఛార్జర్లు దాదాపు అన్నీ ఇంతే. షాపువాడు వోల్టేజీ మార్చే కన్వర్టర్ కూడా అంటగడితే వద్దనండి. ఈ అడాప్టర్ మార్చేది పిన్నుల ఆకారాన్నే, వోల్టేజీని కాదు. మన మిక్సీని దీంతో అమెరికాలో పెడితే మూలుగుతుంది తప్ప పిండి రుబ్బదు.

అసలు లోపం ఎర్తులో ఉంది. దుబాయ్ సాకెట్టులోకి వెళ్లే పెద్ద పిన్ను చాలా రకాల్లో ఉత్త ప్లాస్టిక్. సాకెట్టు లోపలి షట్టర్, అంటే కన్నాల మూత, తెరవడానికే అది. జర్మనీ వైపు పిన్నులు రెండే, ఎర్తే లేదు. మూడు పిన్నుల ఛార్జర్లో ఫిల్టర్ కెపాసిటర్ల (కరెంటులోని రొదను వడకట్టే చిన్న భాగాల) గుండా కొద్దిపాటి కరెంటు ఎర్తుకి పోవాలి. దారి లేకపోతే అది లాప్‌టాప్ మెటల్ బాడీ మీదికొస్తుంది, అరచెయ్యి ఆనిస్తే జుమ్మంటుంది. ఛార్జర్ అసలుదైతే ఇది చిరాకే తప్ప ప్రమాదం కాదు. నకిలీదైతే ఆ భరోసా ఇవ్వలేం.

రెండోది వదులు. అన్ని దేశాల పిన్నులూ పట్టాలని కన్నాలు వెడల్పుగా పెడతారు, అందుకే ఏదీ బిగుతుగా కూర్చోదు. మన లావాటి ఎర్త్ పిన్ను కొన్నింట్లో దూరనే దూరదు. దాన్ని విరగ్గొట్టి వాడమనే సలహా వినొద్దు. 65 వాట్ల ఛార్జర్ అమెరికాలో కూడా రెండు ఆంపియర్ల లోపే తీసుకుంటుంది కాబట్టి అడాప్టర్ కాలుతోందంటే తప్పు లోడుది కాదు, పిన్నుల పట్టుది. షాపులోనే ప్లగ్గు పెట్టి తలకిందులుగా పట్టుకుని ఊపండి. జారితే తిరిగిచ్చేయండి. ఇంట్లో అరగంట ఛార్జింగ్ పెట్టి ముట్టుకోండి. గోరువెచ్చగా ఉంటే సరే, చెయ్యి ఆనలేకపోయినా ప్లాస్టిక్ వాసనొచ్చినా పారేయండి.

యూఎస్‌బీ పోర్టులు ఎక్కువగా 5 వోల్టులు, 2.4 ఆంపియర్లు, అంటే 12 వాట్లు. లాప్‌టాప్‌కి చాలవు.

ఇంతకంటే మంచి దారి వైరు మార్చడం. ఛార్జర్ డబ్బాకి గుచ్చే వైరు ఊడొస్తుందేమో లాగి చూడండి. అక్కడి కన్నం మూడు రేకులుగానో, 8 అంకెలాగానో ఉంటుంది, అది ప్రపంచమంతా ఒకటే. అదే కొస ఉండి, రెండో కొసకి వెళ్లే దేశం ప్లగ్గున్న వైరు కొనుక్కుంటే అడాప్టరే అక్కర్లేదు, మూడు రేకులదైతే ఎర్తూ సరిగ్గా అందుతుంది. దుబాయ్, మలేషియా ప్లగ్గులో ఫ్యూజు కూడా ఉంటుంది. లాప్‌టాప్ వైరుకి 3 ఆంపియర్లది చాలు.

అడాప్టర్ కొనే తీరాలంటే ఫ్యూజు ఊడదీసి మార్చుకునే రకమే తీసుకోండి, స్పేరు ఫ్యూజు అడిగి పుచ్చుకోండి. పోయిన ఫ్యూజుకి వెండి కాగితం చుట్టి నడిపితే, తర్వాత కాలేది సాకెట్టే.