గాల్వనైజ్డ్ గేటు బాగానే ఉంది, వెల్డింగ్ మీద పూసిన సిల్వర్ పెయింటే ముంచింది

హాట్ డిప్ గాల్వనైజింగ్ (కరిగిన జింక్‌లో ముంచి పూత పట్టించడం) చేయించిన ఎం.ఎస్., అంటే మైల్డ్ స్టీలు గేటును ఏళ్ల తరబడి వాడాక రాస్తున్న సంగతులివి. జింక్ ఎందుకు పూస్తారో అందరికీ తెలుసు కాబట్టి ఆ జోలికి పోను. నా మంటంతా ఒక్క కొండీ మీద. గేటంతా జింక్‌లో ముంచి తెచ్చి నిలబెట్టాక, తాళానికని దాన్ని వెల్డింగ్‌తో అతికించారు. ఆ మచ్చ మీద సిల్వర్ పెయింట్ పూసి "మళ్లీ గాల్వనైజింగ్ అయిపోయినట్టే" అన్నారు.

ముందు మెచ్చుకోవాల్సింది మెచ్చుకుంటాను. కింది ఫ్రేమ్‌కు ఇనుప బండి రాసుకుని సన్నగా, పొడుగ్గా ఒక గీత పడింది. లోపలి స్టీలు తెల్లగా మెరుస్తూ బయటపడింది. ఒక్క వాన పడితే చాలు, ఎర్రబడుతుందనుకున్నాను. వానాకాలమంతా పోయినా గీత మసకబారిందే తప్ప ఎరుపు రాలేదు. తడిలో జింక్, ఇనుము ఒకదానికొకటి తగిలి ఉంటే ముందు కరిగేది జింకే. తాను అరిగిపోతూ పక్కనున్న ఇనుమును కాపాడుతుంది. 1824లో ఇంగ్లండ్ శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ ఈ సూత్రంతోనే ఓడల అడుగున కొట్టిన రాగి రేకులకు ఇనుము, జింక్ ముక్కలు తగిలించి చూశాడు. రాగి నిలిచింది గానీ, అది కరగడం ఆగేసరికి నాచు, గుల్లపురుగులు పట్టి ఓడల వేగం పడిపోయిందట.

ఆ గీతను చూసిన ఉత్సాహంలో అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ "గీసుకుపోయినా ఏమీ కాదు" అని చెబుతూ తిరిగాను. ఆ మాట సన్నటి గీతల వరకే నిలబడుతుంది. గడియ రోజూ జారే చోట జింక్ వెడల్పుగా అరిగిపోయింది. అంచుల దగ్గర ఇప్పటికీ శుభ్రంగానే ఉంది గానీ, నట్టనడుమ గోధుమరంగు పొడి కనిపిస్తోంది. జింక్ ఇచ్చే కాపుదల పక్కనున్న కొద్ది మిల్లీమీటర్ల దాకానే అందుతుంది మరి. అరుగుడు గురించి ఇంకో మాట. పైనున్న స్వచ్ఛమైన జింక్ మెత్తన, తొందరగా పోతుంది. దాని కింద ఇనుము, జింక్ కలిసిన పొరలు మైల్డ్ స్టీలు కంటే గట్టివి. అందుకే మొదట్లో గబగబా అరిగి తర్వాత నెమ్మదించింది. ఇప్పుడు అక్కడ గ్రీజు రాస్తున్నాను, గడియ సాఫీగా జారుతోంది.

ఇక కొండీ సంగతి. వెల్డింగ్ చేసేటప్పుడు తెల్లటి పొగ దట్టంగా లేచింది. అది జింకే. జింక్ 420 డిగ్రీలకు కరిగి, 907కు ఆవిరైపోతుంది. ఆర్క్ వేడి దానికి ఎన్నో రెట్లు ఎక్కువ. (ఆ పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం వస్తుంది, దగ్గర నిలబడకండి.) పొగ ఆగేసరికి కొండీ చుట్టూ జింక్ లేని నల్లటి పట్టీ మిగిలింది. స్లాగ్ (వెల్డింగ్ మీద గట్టిపడే గాజులాంటి పెచ్చు) పైపైన రాల్చి, బ్రష్ కూడా వేయకుండా, వేడి తగ్గీ తగ్గకముందే సిల్వర్ కొట్టేశారు. చూడ్డానికి మాత్రం ముద్దుగా ఉంది, అతుకు ఎక్కడో కనిపెట్టలేం.

కొన్నాళ్లకు గేటు జింక్ మెరుపు పోయి బూడిదరంగుకు దిగింది. అది సహజమే, గాలి తగిలి జింక్ మీద ఏర్పడే కార్బొనేట్ పొర అది, మంచిదే. కొండీ చుట్టూ ఉన్న సిల్వర్ ఒక్కటే తళతళలాడుతూ మిగిలింది. తర్వాత ఆ తళతళ కింద చిన్న పొక్కులు లేచాయి. చాకు మొనతో ఒకటి గీకితే సిల్వర్ ఉల్లిపొరలా లేచి వచ్చింది. పొర వెనకవైపు ఎర్రటి పొడి అంటుకుని ఉంది, దాని కింద స్లాగ్ గాజుముక్కలు, వాటి మధ్య గుంటలు. తుప్పు తాను తిన్న ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి పెయింట్‌ను కింద నుంచి ఎత్తేసింది.

అసలు దెబ్బ ఇంకా కిందికి వెళ్లాక తెలిసింది. ముంచేటప్పుడు జింక్ లోపలికి పోయి బయటికి కారడానికి పైపు అడుగున ఒక రంధ్రం పెడతారు. ఆ రంధ్రం నుంచి నేల మీదికి ఎర్రటి చార దిగింది. వెల్డింగ్ వేడికి పైపు లోపలి జింక్ కూడా పోయింది. అక్కడికి ఏ బ్రష్షూ పోదు. బయట ఎంత బాగు చేసినా లోపల జరిగేదాన్ని ఇప్పుడు ఆపలేను.

సిల్వర్ పెయింట్‌ను పనికిరానిదని కొట్టిపారేయను. రెసిన్‌లో అల్యూమినియం రేకలు పరుచుకుని తడిని అడ్డుకుంటాయి, కింద మంచి ప్రైమర్ ఉంటే పైకోటుగా బాగానే నిలుస్తుంది. జింక్ చేసే పని మాత్రం దానికి చేతకాదు. ఇక్కడ పడాల్సింది జింక్ రిచ్ ప్రైమర్. ఆరిన పొరలో బరువు ప్రకారం కనీసం 80 శాతం జింక్ పొడి ఉండాలని పెయింట్ పూతల అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 12944 చెబుతుంది. డబ్బా ఎత్తినా తేడా పట్టేయొచ్చు. అదే సైజు సిల్వర్ డబ్బా తేలిగ్గా లేస్తుంది, జింక్‌ది చేతిని కిందికి లాగుతుంది.

గ్రైండర్‌తో తెల్లటి లోహం కనిపించేదాకా తీయించి, థిన్నర్‌తో తుడిచి, జింక్ రిచ్ కోటు మీద కోటు వేశాను. మందం 100 మైక్రాన్లకు, అంటే మిల్లీమీటరులో పదో వంతుకు తగ్గకుండా చూసుకోవాలి. అడుగున రెడాక్సైడ్ వేయబోయారు, వద్దన్నాను. మధ్యలో ఇంకో ప్రైమర్ ఉంటే జింక్ స్టీలును తాకదు, తాకకపోతే ఆ ఖర్చంతా దండగే. గేటు మీద నేరుగా మామూలు ఆయిల్ ఎనామెల్ కూడా కొట్టించకండి. నూనె జింక్‌తో కలిసి సబ్బులా మారుతుంది, రంగు పెద్ద పెచ్చులుగా ఊడుతుంది.

అతుకు ఇప్పుడు మట్టిరంగు బూడిదలో అందవిహీనంగా ఉంది, కానీ పొక్కు లేదు. లోపలి చార అప్పుడప్పుడు దిగుతూనే ఉంది.

కొనొచ్చా అంటే, నా వరకు కొనొచ్చు. నా గేటుకు ఉప్పుగాలి తగలదు, దగ్గర్లో ఫ్యాక్టరీ పొగ లేదు. మధ్యస్థ వాతావరణంలో జింక్ ఏడాదికి 0.7 నుంచి 2.1 మైక్రాన్లు పోతే, ఏమీ పూయని మైల్డ్ స్టీలు 25 నుంచి 50 మైక్రాన్లు పోతుందని తుప్పు తీవ్రతను కొలిచే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 9223 లెక్క. సముద్రం పక్కనైతే జింక్ కూడా ఎన్నో రెట్లు వేగంగా పోతుంది, అక్కడ దాని మీద సరైన పెయింట్ వ్యవస్థ కూడా ఉండాలేమో చూసుకోవాలి. కొండీలు, బందులు, స్టాపర్లు ఏవి కావాలన్నా ముంచకముందే వెల్డింగ్ చేయించుకోండి. తర్వాత ఏదైనా గుర్తొస్తే క్లాంప్‌తోనో బోల్టుతోనో బిగించమనండి. రెండో గేటుకు నేను అలాగే చేయించాను, దాని గురించి చెప్పడానికి ఇంకా తొందరే.