టికెట్ ముందే రావడం మేలా, ఆఖర్లో రావడం మేలా?

ఎన్నికల ఏడాది వచ్చిందంటే మా వీధి చివర టీ కొట్టు దగ్గర ఎప్పటికీ తేలని పంచాయితీ ఒకటుంటుంది. ఎమ్మెల్యే అభ్యర్థి పేరు మూడు నెలల ముందే చెప్పేస్తే లాభమా, బీ-ఫారం, అంటే ఫలానా మనిషే మా అభ్యర్థి అని పార్టీ ఇచ్చే కాగితం, ఆఖరి గంట దాకా జేబులో పెట్టుకుంటే లాభమా?

ముందే మేలనే వాళ్లు 2018 తెలంగాణను చూపిస్తారు. సెప్టెంబరు 6న కేసీఆర్ అసెంబ్లీ రద్దు చేసి, అదే రోజు 105 మంది పేర్లు ప్రకటించారు. కాంగ్రెస్ తొలి జాబితా నవంబరు రెండో వారంలో గానీ రాలేదు. డిసెంబరు 7న పోలింగ్. టీఆర్‌ఎస్‌కు 88, కాంగ్రెస్‌కు 19. ఆలస్యం అమృతం విషం అని ఊరికే అన్నారా?

2023లో, బీఆర్‌ఎస్‌గా పేరు మార్చుకున్న అదే పార్టీ అదే మందు మళ్లీ వేసింది. ఆగస్టు 21నే 115 మంది పేర్లు, అందులో మార్చిన సిట్టింగులు ఏడుగురే. కాంగ్రెస్ మాత్రం అక్టోబరు 15న తొలి 55 పేర్లతో నింపాదిగా మొదలుపెట్టింది. ఫలితం తిరగబడింది: కాంగ్రెస్‌కు 64, బీఆర్‌ఎస్‌కు 39. జాబితా ముందే రావడం వల్లే ఓడిపోయారని నేననను. కానీ పాత ముఖమే మళ్లీ వస్తోందని ఆగస్టులోనే తేలిపోతే, ఇల్లు రాలేదు, ధరణి భూరికార్డుల్లో పేరు ఎక్కలేదు అని నిలదీయడానికి జనానికి మూడు నెలలు దొరుకుతాయి. టికెట్ రానివాళ్లకూ అంతే టైమ్. పాలేరు టికెట్ దక్కని తుమ్మల నాగేశ్వరరావు సెప్టెంబరులోనే కాంగ్రెస్‌లో చేరి, ఖమ్మంలో గెలిచారు. అదే జాబితా నామినేషన్ల ముందురోజు వచ్చుంటే అసంతృప్తులకు ఊపిరి తీసుకునే వ్యవధి కూడా ఉండేది కాదు. ఆఖర్లో ఇచ్చే పార్టీల లెక్క కూడా ఇదే!

డబ్బు సంగతికొస్తే, మన రాష్ట్రాల్లో అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు పరిమితి 40 లక్షలు. ఆ మీటరు నామినేషన్ వేసిన రోజు నుంచే తిరుగుతుంది. ఆ తర్వాత కార్యకర్తలకు పోసిన టీ, కప్పిన కండువా కూడా లెక్కలోకి వస్తాయి. అంతకుముందు రెండు నెలలు కట్టిన ఫ్లెక్సీలు, పెట్టిన భోజనాలు అభ్యర్థి ఖాతాలో పడవు. ముందే టికెట్ వచ్చినవాడికి చట్టం ఇచ్చిన సందు ఇది. కాకపోతే ఆ రెండు నెలలూ జేబుకు పడే చిల్లు మామూలుది కాదు.

అయితే నన్నడిగితే, టికెట్ ముందు రావడం వేరు, మనిషి ముందు రావడం వేరు. కామారెడ్డినే చూడండి. కేసీఆర్ అక్కడ పోటీ చేస్తారని ఆగస్టులోనే తెలుసు. రేవంత్ రెడ్డి ఆఖర్లో దిగారు. ఇద్దరినీ ఓడించింది బీజేపీ అభ్యర్థి కాటిపల్లి వెంకటరమణారెడ్డి, 6,741 ఓట్లతో. ఎన్నికల ఏడాది మొదట్లో టౌన్ మాస్టర్ ప్లాన్‌లో పొలాలు పోతాయని రైతులు రోడ్డెక్కినప్పుడు ఆయన వాళ్ల పక్కనే ఉన్నారు. అప్పటికి ఏ పార్టీ జాబితా రాలేదు.

మంగళగిరిదీ అదే దారి. 2019లో 5,337 ఓట్లతో ఓడిన లోకేశ్ సీటు మార్చుకోలేదు. 2024లో 91,413 మెజారిటీ. మరి పిఠాపురమో అంటారా? పవన్ కల్యాణ్ పేరు ప్రకటించింది మార్చి 14న, పోలింగ్ మే 13న. సరిగ్గా 60 రోజుల్లో 70,279 మెజారిటీ. నిజమే. కానీ అక్కడ సీటు వదులుకున్న మాజీ ఎమ్మెల్యే వర్మ ఏళ్లుగా తిరిగిన ఊళ్లవి. ముందు తిరిగిన కాళ్లు ఒకరివి, పోటీ ఇంకొకరిది. పైగా అంతటి పేరు అందరికీ ఉండదు కదా.

ఓటరు వైపు నుంచి చూస్తే నా ఓటు ముందు వచ్చినవాడికే. మా వీధిలో జరిగింది చెప్తాను. వాన పడితే మా పెద్దమ్మ ఇంటి ముందు మోకాలి లోతు నీళ్లు. ఆఖర్లో టికెట్ తెచ్చుకున్నాయన డప్పులతో వచ్చి, హారతి పళ్లెం వైపు చెయ్యి చాపి, “మేనిఫెస్టోలో అన్నీ ఉన్నాయమ్మా” అని పక్కింటికి వెళ్లిపోయాడు. ఇంటికి అర నిమిషం. పాపం ఆయనా ఏం చేస్తాడు, రోజుకు నాలుగు డివిజన్లు తిరగాలి. ముందే పేరొచ్చిన ఇంకొకాయన మాత్రం మూడుసార్లు వచ్చాడు. మొదటిసారి “చూస్తానమ్మా” అన్నాడు. రెండోసారి మా పెద్దమ్మ గేటు మూసేసి, ఆ నీళ్ల మరక గోడ మీద ఎంత ఎత్తుందో చూపించాకే వదిలింది. మూడోసారి ఆమె నోరు తెరవకముందే ఆయనే అందుకున్నాడు: “కాలువ పూడిక ఒక్కటే కాదమ్మా, కల్వర్టు గొట్టం చిన్నది. అది మార్చాలి. నేను గెలిస్తే ముందు అదే.” పూడిక తీస్తే చాలనేది అప్పటిదాకా ఆయన పార్టీవాళ్లు చెప్పే మాట!

పెద్దమ్మ ఓటు ఎవరికేసిందో మాత్రం ఇప్పటికీ చెప్పదు.