గంటా, అలారమా, బైట్‌రన్నర్ రీలా: కెరటాల్లో బతికున్న ఎరకి ఏది నయం?

చెరువు గట్టున గెడ కొన కదిలిందంటే చేపే అయ్యుంటుంది. సముద్రం దగ్గర ఆ లెక్క చెల్లదు. కెరటం లైనుని లాగుతుంది, గాలి గెడని ఊపుతుంది, గాలానికి గుచ్చిన కొయ్యింగ పిల్ల తన తంటా తను పడుతూ తోక కొట్టుకుంటూ ఉంటుంది. ఇంత గోలలో పండుగప్పో పారో ఎర అందుకున్న సంగతి విడిగా తెలియాలి. దానికోసం బజారులో దొరికే సరుకు మూడు రకాలు: గెడ కొనకి తగిలించే గంట, బ్యాటరీతో కూసే అలారం, చేప లాగితే లైను వదిలే బైట్‌రన్నర్ రీలు. పన్నెండడుగుల సర్ఫ్ రాడ్డు (ఒడ్డు నుంచి కెరటాల్లోకి విసిరే పొడవాటి గెడ), లైనుని అడుగున నిలిపే 120 నుంచి 150 గ్రాముల గుండు, సూర్యలంక, మైపాడు లాంటి ఇసుక ఒడ్డు. ఈ అమరికలో మూడింటినీ తూస్తే డబ్బు పెట్టదగింది రీలు మీదే. గంట ఉంటే మంచిదే. అలారం అక్కర్లేదు.

ముందు అలారం సంగతి తేల్చేద్దాం. ఇందులో ఒక రకం కార్ప్ చేపలు పట్టేవాళ్ల కోసం పుట్టింది. లైను ఒక చిన్న చక్రం మీదుగా పోతుంది, చక్రం తిరిగితే కూత వస్తుంది. అది పని చేయాలంటే గెడ దాదాపు పడుకుని ఉండాలి. కెరటాల దగ్గర గెడని నిటారుగా నిలబెట్టక తప్పదు, లేకపోతే విరిగే అలలు లైను మీద పడి గుండుని పెకలించేస్తాయి. కాబట్టి ఆ రకానికి ఇక్కడ చోటే లేదు. రెండోది కొన దగ్గర క్లిప్పులా బిగించేది, అదురుకి కూస్తుంది. సున్నితం పెంచితే ప్రతి అలకీ కూస్తుంది, తగ్గిస్తే పెద్ద దెబ్బకి మాత్రమే కూస్తుంది. అంత దెబ్బ పడితే గెడ వంగడం కంటికే కనిపిస్తుంది కదా! పైగా బటన్ బ్యాటరీల మూత దగ్గర ఉప్పునీరు చేరి చిలుము పడుతుంది. విసిరే ముందు తీయడం మరిచిపోతే అలారం గుండు కన్నా ముందే సముద్రంలో పడుతుంది.

గంటలోనూ ఈ లోపాలు కొన్ని ఉన్నాయి, కానీ చవక, బ్యాటరీ లేదు, పోయినా బాధ లేదు. కొన నుంచి ఒక జానెడు కిందకి, లైను పోయే రింగులకి ఎదురు వైపున తగిలించండి. గంటకి మూరెడు దారం కట్టి రెండో కొస గెడకి ముడి వేస్తే, చేప గుంజినప్పుడు క్లిప్పు ఊడినా ఇసుకలో వెతుక్కోనక్కర్లేదు. రాత్రి పూట గంటకి తోడు వెలుగు పుల్ల కావాలి. ఒకటి కొనకీ, ఇంకొకటి దానికి రెండడుగుల కిందకీ టేపుతో అంటించండి. ఒక్కటే ఉంటే చీకట్లో చుక్క కదులుతున్నట్టు ఉంటుందే తప్ప ఎంత వంగిందో అంతుపట్టదు. రెండు చుక్కల మధ్య వాలు చూస్తే వంపు ఇట్టే తెలుస్తుంది.

ఇక రీలు. బైట్‌రన్నర్ అన్నది షిమానో పెట్టిన పేరు. ఓకుమాలో బైట్‌ఫీడర్ అంటారు, పెన్‌లో లైవ్ లైనర్. పద్ధతి ఒకటే: రీలు వెనక ఒక మీట, దాని కింద ఒక చిన్న నాబ్. మీట వేస్తే ముందున్న అసలు డ్రాగ్ (లైను ఎంత బిగువుకి జారాలో అదుపు చేసేది) పక్కకి తప్పుకుని, స్పూలు (లైను చుట్టి ఉండే కండె) వెనక నాబ్ బిగువు మీదే తిరుగుతుంది. చేప ఎరతో పరుగెత్తితే టికటికమంటూ లైను వదులుతుంది, గెడ ఇసుకలోంచి లేచిపోదు. హ్యాండిల్ తిప్పగానే మీట దానంతటదే పడి అసలు డ్రాగ్ అందుకుంటుంది.

దీని విలువంతా ఆ చిన్న నాబ్ సర్దడంలో ఉంది. చాలామంది దుకాణంలో చేత్తో లాగి చూసి బిగించేస్తారు. అది ఒడ్డున పనికిరాదు. గుండు ఇసుకలో పాతుకున్నాక లైను బిగించి, గెడ స్టాండులో పెట్టి, మీట వేసి, ప్రతి కెరటానికీ టిక్కు టిక్కుమనేదాకా నాబ్ వదులు చేయండి. అప్పుడు కొంచెం కొంచెంగా బిగిస్తూ రండి. వరసగా మూడు నాలుగు పెద్ద అలలు వచ్చినా చప్పుడు రాకపోతే ఆపి, ఇంకొక్క పిసరు బిగించండి. ఇక టిక్కుమంటే ఊరికే కాదు. పోటు ఎక్కేకొద్దీ నీటి బలం పెరుగుతుంది కాబట్టి అరగంటకోసారి మళ్లీ చూసుకోవాలి. అసలు డ్రాగ్‌ని సామాను తూచే స్ప్రింగు కాటాతో సరిచూస్తే మేలు: తొమ్మిది కిలోలకి తెగే లైనుకి రెండుంపావు నుంచి మూడు కిలోల దగ్గర జారాలి.

రీలుకి అంత ఖర్చెందుకు అనుకుంటే రబ్బరు బ్యాండు ఉపాయం ఉంది. బెయిల్ (లైనుని స్పూలు మీదికి చుట్టే తీగ కమ్మీ) తెరిచి, చిన్న లైను మడతని గెడ పిడికి వేసిన రబ్బరు బ్యాండు కింద దోపాలి, చేప లాగితే ఊడి వస్తుంది. కాలవలో, ఉప్పుటేరులో చక్కగా పని చేస్తుంది. ఒడ్డు గాలికి మాత్రం స్పూలు మీది లైను తనే జారి చిక్కుపడుతుంది.

ఏ పరికరం కొన్నా చివరికి చదవాల్సింది గెడ కొననే. అల లాగితే కొన నెమ్మదిగా వంగి, నెమ్మదిగా లేస్తుంది, ఓ లయలో. దాని మీద సన్నటి, ఎడతెగని అదురు కనిపిస్తే ఎర బతికి ఉందని అర్థం. వేటచేప దగ్గరికొచ్చినప్పుడు ఆ అదురు ఒక్కసారిగా జోరందుకుంటుంది. కొన పిచ్చెత్తినట్టు చిటచిటలాడుతుంది, తర్వాత ఒక్క క్షణం ఏమీ ఉండదు, ఆ వెంటనే దెబ్బ. జోరు మొదలవగానే చెయ్యి గెడ దగ్గరికి పోవాలి, అంతే, ఎత్తకూడదు. దెబ్బ లేకుండా అదురు మాత్రం ఆగిపోతే పీతలు ఎరని తినేస్తున్నాయనుకోవచ్చు. ఐదు నిమిషాలు చూసి లాగి కొత్తది గుచ్చండి. టకటకా వరసగా తట్టేది జెల్ల అయ్యుండొచ్చు, విప్పేటప్పుడు ముళ్లు జాగ్రత్త. గెడ బరువుగా వంగి, కెరటం వెనక్కి పోయినా లేవకపోతే టేకు చేప అడుగున అతుక్కుని ఉండొచ్చు.

గంటా, అలారమూ, రీలూ మూడూ మోసపోయే పట్టు ఒకటుంది. చేప ఎర అందుకుని ఒడ్డు వైపు వస్తే గుండు ఇసుకలోంచి ఊడి, వంగి ఉన్న కొన చువ్వలా నిటారవుతుంది, లైను నీళ్ల మీద వేలాడుతుంది. గంట ఒక్కసారి మోగి ఊరుకుంటుంది, స్పూలు కదలదు. గుండు దానంతటదే ఊడిందేమో అనుకుని తీరిగ్గా చుట్టేవాళ్లు చేపని పోగొట్టుకుంటారు. లైను మళ్లీ బరువెక్కేదాకా వెనక్కి నడుస్తూ గబగబా చుట్టాలి. ఈ పట్టు స్పష్టంగా కనబడాలంటే గుండుకి ఇసుకలో పాతుకునే తీగ కాళ్లుండాలి. నున్నటి గుండు నీటి వాలుకి దొర్లుతూ రోజంతా వదులు లైనే చూపిస్తుంది. మన తీరాన మార్చి నుంచి అక్టోబరు దాకా ఒడ్డు వెంబడి ఇసుకని మోసే నీటి వాలు ఎక్కువగా ఉత్తరానికీ, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా దక్షిణానికీ ఉంటుంది. వాలుకి ఎదురుగా కాస్త ఏటవాలుగా విసిరి, విల్లులా వంగేంత లైను వదిలితే తీగలు గట్టిగా పాతుకుంటాయి.

గాలం సర్కిల్ హుక్కే (మొన లోపలికి వంగి ఉండేది) పెట్టండి, ఎరని బట్టి 5/0 నుంచి 7/0 సైజు. కొయ్యింగ పిల్లకి రెండు పెదవులూ కలిపి గుచ్చి, హుక్కు మొన పూర్తిగా బయటికి ఉంచాలి. దెబ్బ పడి స్పూలు తిరుగుతుంటే మూడు నాలుగు అంకెలు లెక్కపెట్టి హ్యాండిల్ తిప్పండి, గెడ నిదానంగా ఎత్తండి. వెనక్కి జాడించి కొడితే సర్కిల్ హుక్కు నోట్లోంచి జారి బయటపడుతుంది.

ఈ రీళ్లతో ఇబ్బంది లేదని కాదు. అదే సైజు మామూలు రీలు కన్నా కొంచెం బరువు. మీట వేసి ఉండగానే విసిరితే వేలి కింద స్పూలు జారి లైను వేలిని కోసేస్తుంది. బ్రెయిడ్ (సన్న పోగులతో అల్లిన లైను) వాడితే లోతుగా తెగుతుంది కూడా, అందుకే విసిరే ముందు ఒకసారి హ్యాండిల్ తిప్పడం అలవాటు చేసుకోవాలి. ఇసుక పడితే మొదట మొరాయించేది వెనక నాబే. ఇంటికొచ్చాక రెండు డ్రాగ్‌లూ బిగించి మంచినీళ్లు సన్నగా పోసి కడిగి, తుడిచి, ఆరాక రెండూ వదులు చేసి పెట్టండి. బిగించి అలాగే వదిలేస్తే లోపలి వాషర్లు అణిగి, మళ్లీసారి నాబ్ ఎంత తిప్పినా లైను ఒకేలా జారదు.