అంటార్కిటికా హిమానీనదాలు: కాలినడక, విమానం, ఉపగ్రహం... ఏది మేలు?

అంటార్కిటికాలో ఒక హిమానీనదం పటంలోకి ఎక్కడానికి ఇప్పటిదాకా మూడు దారులు కనిపిస్తాయి: మనుషులు నడిచి చూడటం, విమానం నుంచి ఫొటోలు తీయడం, ఉపగ్రహాలతో కొలవడం.

నడిచి చూసినవాటిలో బియర్డ్‌మోర్‌ను మించింది లేదు. 1908 డిసెంబరులో బ్రిటిష్ అన్వేషకుడు షాకిల్టన్, ఆయన బృందంలోని వైల్డ్, మార్షల్, ఆడమ్స్ దక్షిణ ధ్రువానికి దారి వెతుకుతూ మౌంట్ హోప్ అనే కొండ ఎక్కారు. కొండల మధ్య నుంచి పైనున్న పీఠభూమి దాకా మంచు పరుచుకుని కనిపించింది. దాని పొడవు దాదాపు 200 కిలోమీటర్లు. ఎక్కడం మొదలుపెట్టిన కొద్ది రోజులకే వాళ్ల చివరి గుర్రం సాక్స్, పైన మంచు కప్పేసిన పగులులో పడిపోయింది. గుర్రాన్ని స్లెడ్జికి కట్టిన అడ్డకర్ర విరగబట్టే వైల్డ్ ప్రాణమూ, స్లెడ్జిలోని సామానూ దక్కాయి.

ఇలా గీసిన పటంలో దారికి అటూ ఇటూ కంటికి ఆనినంతే ఉంటుంది. కానీ రాయిని చేత్తో పట్టుకోవాలంటే అక్కడికి వెళ్లాల్సిందే. వైల్డ్‌కు పైభాగంలో బొగ్గు కనిపించింది. 1912లో మరో బ్రిటిష్ అన్వేషకుడు స్కాట్ బృందం ధ్రువం నుంచి తిరుగు ప్రయాణంలో ఇక్కడే గ్లోసోప్టెరిస్ ఆకుల శిలాజాలు ఏరింది. మన సింగరేణి బొగ్గు పొరల నాటి మొక్క అది! ఈ రెండు నేలలూ ఒకప్పుడు గోండ్వానా అనే ప్రాచీన మహాఖండంలో భాగమని చెప్పడానికి అదొక గట్టి సాక్ష్యం.

పేరు మాత్రం యాత్రకు అప్పు పుట్టేలా హామీ ఇచ్చిన గ్లాస్గో పారిశ్రామికవేత్త విలియం బియర్డ్‌మోర్‌కు దక్కింది.

ఇక విమానం నుంచి చూసినవాటిలో లాంబర్ట్. సుమారు 400 కిలోమీటర్ల పొడవుతో ప్రపంచంలోని అతి పెద్దవాటిలో ఒకటి. 1946-47లో అమెరికా నౌకాదళం ఆపరేషన్ హైజంప్‌లో తీసిన ఫొటోల ఆధారంగా 1952లో జాన్ రోస్కో దీన్ని పటంలో పెట్టాడు. ఫొటో తీసిన విమాన సిబ్బంది సంకేతనామంతో 'బేకర్ త్రీ' అన్నాడు. 1957లో ఆస్ట్రేలియా తన మ్యాపింగ్ డైరెక్టర్ బ్రూస్ లాంబర్ట్ పేరు పెట్టింది. నేల మీద కొలిచిన గుర్తులు లేకపోతే అలాంటి ఫొటోల్లోని కొండ సరిగ్గా ఎక్కడుందో తేల్చడం కష్టం. హైజంప్‌కు ఆ ఇబ్బంది తప్పలేదు.

ఉపగ్రహానికి ఆ చిక్కు లేదు, పైగా మార్పును పట్టేస్తుంది. పశ్చిమ అంటార్కిటికాలోని గెట్జ్ ప్రాంతంలో 14 హిమానీనదాల వేగం 1994 నుంచి 2018 మధ్య సగటున దాదాపు 25 శాతం పెరిగిందని, 31,500 కోట్ల టన్నుల మంచు పోయిందని తేలింది అలాగే. వాటిలో తొమ్మిదింటికి 2021లో వాతావరణ చర్చలు జరిగిన ఊళ్ల పేర్లు పెట్టారు: రియో, క్యోటో, పారిస్, గ్లాస్గో వగైరా. మంచు ఎందుకు కరుగుతోందో గుర్తుచేసే పేర్లు, అందుకే నాకు నచ్చాయి.

కొలతకైతే ఉపగ్రహమే మేలు, సందేహం లేదు. రాళ్ల చరిత్ర తెలియాలంటే నడకే. పేర్లలో నా ఓటు బేకర్ త్రీకి. ప్రాణాలకు తెగించి దాని మీదుగా ఎగిరినవాళ్ల గుర్తు అది, తీసేయకుండా ఉండాల్సింది. లాంబర్ట్ పేరు పెట్టుకోవడానికి ఆ చుట్టుపక్కల పేరులేని కొండలు అప్పట్లో బోలెడున్నాయి.