ఆప్షన్లు లేని ఖాళీ గడి: ఖాన్ అకాడమీలో ఆరు నుంచి ఎనిమిది దాకా లెక్కలు చేశాక

ఆన్‌లైన్‌లో పాఠాలు, లెక్కల అభ్యాసాలు ఇచ్చే ఖాన్ అకాడమీ మీద రాస్తున్నానంటే వీడియోల గురించే అనుకుంటారు. ఉచితం, మధ్యలో ప్రకటనలు రావు, నల్ల బోర్డు మీద రంగురంగుల గీతలు, సాల్ ఖాన్ గొంతు, ఇవన్నీ మీకు తెలిసినవే. వీడియోలు బాగుంటాయి, నేను కాదనను. కానీ రెండేళ్లు దాటినా నేను దాన్ని వదలకపోవడానికి కారణం వేరే. వీడియో అయ్యాక వచ్చే లెక్కల్లో జవాబు టైప్ చేయమని ఒక చిన్న ఖాళీ గడి ఉంటుంది. దాని కింద ఎ, బి, సి, డి ఉండవు. నాకు నచ్చింది ఆ గడి.

ఇందులో అంత పొంగిపోవడానికి ఏముంది అంటారా? నా చదువు ఎలా సాగిందో చెబితే తెలుస్తుంది. ఇంటర్‌లో లెక్కలు లేని సీఈసీ గ్రూపు, ఆ తర్వాత డీఈడీ, ఆపైన మా బ్యాచ్ అందరిలాగే టెట్, డీఎస్సీ వేట. టెట్ పేపర్-1లో 150 మార్కులకు లెక్కలవి 30. సీఈసీ నుంచి వచ్చినవాళ్లకి ఆ ముప్పై దగ్గరే గుండె దడ. నేను చేరిన కోచింగ్ సెంటర్లో లెక్కల సార్ బోర్డు మీద ప్రశ్న పూర్తిగా రాయకముందే "ముందు ఆప్షన్లు చూడండమ్మా" అనేవారు. చివరి అంకె చూడు, సరి బేసి చూడు, రెండు కొట్టెయ్యి, మిగిలిన రెండిట్లో ఒకటి ప్రశ్నలో పెట్టి చూడు. జవాబు నుంచి ప్రశ్నలోకి వెనక్కి నడిచే విద్య అన్నమాట. 150 నిమిషాల్లో 150 బిట్లు చేయాల్సినవాళ్లకి అది పనికిరాదని ఎలా అంటాను? నాకూ పనికొచ్చింది. కానీ అదే సమయంలో ఇంటి దగ్గర ట్యూషన్ మొదలుపెట్టాను. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు. వాళ్లు "ఎందుకక్కా అలా?" అని అడిగితే చూపించడానికి ఆప్షన్లు ఉండవు కదా.

అలా మొదలుపెట్టింది ఈ ఖాన్ అకాడమీ. ఏడో తరగతి పుస్తకం నుంచి కాదు, ఇంకా కిందికి దిగి "గెట్ రెడీ ఫర్ సిక్స్త్ గ్రేడ్" అనే కోర్సు నుంచి. భిన్నాల కూడిక, భిన్నాల భాగహారం, దశాంశాలు. ఈ వయసులో ఐదో తరగతి లెక్కలు చేయడానికి పక్కన ఎవరూ లేకపోవడం ఎంత హాయో, చేసినవాళ్లకే తెలుస్తుంది.

గడి సంగతికి వస్తాను. దాన్ని నొక్కితే జవాబు ఏ రూపంలో ఇవ్వవచ్చో చిన్న అక్షరాల్లో చెబుతుంది. 6 లాంటి పూర్ణాంకం, 3/5 లాంటి సూక్ష్మీకరించిన క్రమ భిన్నం, 7/4 లాంటి అపక్రమ భిన్నం, 1 3/4 లాంటి మిశ్రమ భిన్నం, 0.75 లాంటి దశాంశం. లెక్క మారినా ఆ జాబితా ఇంచుమించు అదే, అందుకే జవాబు గురించి వాసన కూడా తగలదు. 3/4ను 1/8తో భాగిస్తే 6 వస్తుందని టైప్ చేయాలంటే 6 నా బుర్రలోంచే రావాలి. భాగహారం చేస్తే సంఖ్య తగ్గాలి కదా, 3/4 కన్నా 6 పెద్దదేంటి అన్న అనుమానమూ అక్కడే వస్తుంది. నాలుగు ఆప్షన్లలో 6 కనబడి ఉంటే ఆ అనుమానం రాకుండానే టిక్కు పెట్టేసి పక్క బిట్టుకి పోయేదాన్ని. ముప్పావులో ఎన్ని అరపావులు ఉంటాయి అని అడుగుతున్నారని గ్రహించాక ఇక "తిరగేసి గుణించు" అన్న సూత్రం కోసం వెతుక్కోనక్కర్లేదు. పావు, అరపావు మన ఇళ్లలో పుట్టిన మాటలే కదా. ముప్పావులో అరపావులు ఆరు, అంతే.

అయితే నన్ను నిజంగా ఆశ్చర్యపరిచింది వేరే చోట జరిగింది. కొంచెం పొడుగ్గా చెబుతాను.

సిక్స్త్ గ్రేడ్‌లో మొదటి యూనిట్ నిష్పత్తులు. అందులో జంట సంఖ్యారేఖలు ఉంటాయి. ఒకదాని కింద ఒకటి రెండు గీతలు. పై గీత మీద, ఉదాహరణకి, గ్లాసుల లెక్క, కింది గీత మీద చక్కెర చెంచాల లెక్క. సున్నా కింద సున్నా. కొన్ని గుర్తుల దగ్గర సంఖ్యలు ఇస్తారు, కొన్ని ఖాళీ వదిలేస్తారు, వాటిని మనం నింపాలి. మొదట్లో నాకు ఇవి చిన్నపిల్లల ఆటలా అనిపించాయి. అడ్డ గుణకారం వచ్చినవాళ్లకి ఈ గీతలెందుకు అనుకుంటూనే చేసుకుపోయాను.

తర్వాత ఆషాఢం వచ్చింది. ఏడో తరగతి పిల్లాడొకడు ట్యూషన్‌కి వస్తూనే, వాళ్లమ్మ 20 శాతం తగ్గింపులో చీర కొన్నదని, 960 రూపాయలకి ఇచ్చారని చెప్పాడు. అసలు ధర ఎంతుంటుందిరా అని అడిగాను. నోట్‌బుక్ తీసి చకచకా వేశాడు.

"960కి 20 శాతం 192. కలిపితే 1152. అంతేగా అక్కా?"

"కొట్టువాళ్లు 20 శాతం దేనిలోంచి తీశారు?"

"పాత రేటులోంచి."

"మరి నువ్వు దేనిమీద వేశావు?"

కాసేపు చూసి, "960 మీద" అన్నాడు. తప్పయిందని వాడికి తెలిసింది. ఒప్పు ఎలాగో తెలియలేదు. నాకు షార్ట్‌కట్ వచ్చు: 960 ఇంటూ 100 బై 80. కోచింగ్‌లో నూరిపోసింది. అది చెప్పబోతే వాడు "80 ఎందుకు?" అంటాడని తెలుసు కాబట్టి, చెప్పకుండా వాడి నోట్‌బుక్‌లో రెండు గీతలు గీశాను. పైన రూపాయలు, కింద శాతాలు. కింది గీత చివర 100 వేసి, దాని పైన రూపాయల దగ్గర ఒక ఖాళీ గడి గీశాను.

"అమ్మ ఇచ్చిన 960 ఎక్కడ పెడతావు?"

100 మీద పెట్టబోయి పెన్ను వెనక్కి తీశాడు. 80 దగ్గర ఒక గుర్తు పెట్టి దానిమీద రాశాడు. ఆ తర్వాత నేను నోరు విప్పలేదు. వాడే 20 దగ్గర గుర్తు పెట్టుకుని, "80లో 20 అంటే నాలుగో వంతు కదక్కా, అయితే పైనా నాలుగో వంతే, 240" అన్నాడు. 960కి 240 కలిపి గడిలో 1200 రాశాడు. మళ్లీ వాడే 1200లో 20 శాతం 240 అని సరిచూసుకున్నాడు. ఆగలేదు, "25 శాతం తగ్గించి 960కి ఇచ్చుంటే?" అని తనే ఇంకో లెక్క వేసుకున్నాడు. 75 మీద 960, మూడో వంతు 320, మొత్తం 1280.

ఆ రోజు నుంచి మా ట్యూషన్‌లో బిట్ బ్యాంకు తెరిస్తే ఆప్షన్ల మీద స్కేలు అడ్డం పెట్టాలి. జవాబు నోట్‌బుక్‌లో రాశాకే స్కేలు తీయాలి. రాసిన జవాబు నాలుగిట్లో లేకపోతే పిల్లల మొహాలు చూడాలి! లేదని తెలిసినప్పుడు వాళ్లు వెనక్కి వెళ్లి ఏ మెట్టులో జారారో వెతుకుతారు. కంటికి కనబడే ఆప్షన్లలోంచి ఏరుకునేటప్పుడు ఆ వెతుకులాటే ఉండదు. పేపర్ సెట్ చేసేవాళ్లు పిల్లలు ఎక్కడ జారతారో ఊహించి, 1152 లాంటిదాన్ని కావాలనే ఒక ఆప్షన్‌గా పెడతారు. జారినవాడికి అక్కడే ఊతం దొరుకుతుంది. ఖాళీ గడిలో అది దొరకదు.

ఈ ఖాన్ అకాడమీ పుట్టుకే ఈ వయసు పిల్లల లెక్కల నుంచి. 2004లో సాల్ ఖాన్ (పూర్తి పేరు సాల్మన్) వేరే ఊళ్లో ఉన్న తన బంధువుల అమ్మాయికి ఫోన్‌లో పాఠాలు చెప్పడంతో మొదలైంది. ఆ అమ్మాయికి కొరకరాని కొయ్యగా ఉన్నవి ప్రమాణాల మార్పిడి లెక్కలట. అడుగులు, అంగుళాలు, ఆ గొడవ. 2008లో లాభాపేక్ష లేని సంస్థగా రిజిస్టరైంది. పై తరగతుల కాలిక్యులస్ కూడా ఉంది గానీ నేను అటు వెళ్లలేదు, వెళ్లే పని కూడా లేదు.

స్థాయిల విషయం కూడా గడికి తోడు. ఒక అభ్యాసంలో 70 శాతం సరిగ్గా చేస్తే "ఫెమిలియర్", అన్నీ సరిగ్గా చేస్తే "ప్రొఫిషియెంట్", యూనిట్ టెస్టులో మళ్లీ నెగ్గితే "మాస్టర్డ్". టెస్టులో తప్పితే ఒక మెట్టు కిందికి దించేస్తుంది. మొదట్లో ఒళ్లు మండేది. ఇప్పుడు దించినప్పుడల్లా అది నేను మరిచిపోయిన పాఠమే అవుతోంది కాబట్టి గొడవ పడటం మానేశాను. హింట్ తీసుకుంటే ఆ లెక్క సరిగ్గా చేసినట్టు ఖాతాలో పడదు, అది గుర్తుంచుకోండి. హింట్లు మాత్రం మెట్టు మెట్టుగా వస్తాయి, ఒక్కసారిగా జవాబు గుమ్మరించవు.

పైన ఆప్షన్లే ఉండవన్నట్టు రాశాను. అన్ని చోట్లా కాదు లెండి. గ్రాఫులు, కోణాలు, సమానమైన బీజీయ సమాసాలు గుర్తించే పాఠాల్లో ఆప్షన్లు ఉంటాయి. వాటిలో కొన్ని "సరైనవన్నీ ఎంచుకోండి" రకం, అవి మళ్లీ కష్టమే. మామూలు ఒక్క జవాబు ఆప్షన్లు వచ్చినప్పుడు నా పాత విద్య ఇప్పటికీ బయటికొస్తుంది. ఎయిత్ గ్రేడ్‌లో ఫంక్షన్ల దగ్గర అలాగే నెట్టుకొచ్చి ప్రొఫిషియెంట్ తెచ్చుకున్నాను. అక్కడ పట్టు వచ్చిందని మాత్రం చెప్పను.

వీడియోలు బాగుంటాయని కూడా అన్నాను కదా. నిజం చెప్పాలంటే ఇప్పుడు పెద్దగా చూడట్లేదు. ముందు అభ్యాసంలోకి వెళ్తాను, గడి దగ్గర చెయ్యి ఆగిపోతే అప్పుడు వెనక్కొచ్చి వీడియో తెరుస్తాను. వీడియో వరసగా చూసుకుంటూ పోతే అంతా అర్థమైనట్టే ఉంటుంది, పెన్ను పట్టుకున్నాక ఏమీ ఉండదు. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకి మొదటి నెల ఇంగ్లిష్ యాస కూడా అడ్డమే. వేగం తగ్గించి, సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూశాను. అసలు తెలుగులో వినాల్సిందే అనుకునే పిల్లలకి మన రాష్ట్రాల పాఠ్యపుస్తకాల్లో ఉన్న క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి దీక్ష అనే ప్రభుత్వ పాఠాల యాప్‌లో చూపిస్తాను, తర్వాత లెక్కలు చేయడానికి ఇటు తెస్తాను.

ఫోన్‌లో చేస్తే మిశ్రమ భిన్నం టైప్ చేయడం కొంచెం తలనొప్పి. నేను అపక్రమ భిన్నంగా మార్చి కొట్టేస్తాను. పక్కన తెల్ల కాగితం లేకుండా చేస్తే మాత్రం సగం లాభం పోతుంది.

అన్నిటికన్నా పెద్ద తేడా వేగం దగ్గర. ఇక్కడ గడియారం ఉండదు. ఒక లెక్క మీద పావుగంట కూర్చున్నా ఎవరూ అడగరు. నేర్చుకునేవాళ్లకి అది వరమే గానీ, టెట్‌లో బిట్టుకి సగటున నిమిషమే. గడికి అలవాటు పడ్డాక మోడల్ పేపర్ రాస్తే నేను మునుపటికన్నా నెమ్మదించాను. ఆప్షన్లు కళ్ల ముందున్నా వాటిని చూడకుండా మొత్తం లెక్క చేసుకుంటూ కూర్చునేదాన్ని. ఆ తర్వాత టెట్‌లో లెక్కల మార్కులు పెరిగిన మాట నిజమే. అది ఈ గడి పుణ్యమా, రోజూ సాయంత్రం పిల్లలతో అవే లెక్కలు మళ్లీ మళ్లీ చేయడం వల్లా, లేక ఆ పేపరే తేలిగ్గా వచ్చిందా అంటే విడదీసి చెప్పలేను.

కాబట్టి పరీక్ష ఇంకో నెలలోనే ఉందని భయపడుతున్నవాళ్లకి నేను దీన్ని చెప్పను. పాత పేపర్లు తీసుకుని, టైమ్ పెట్టుకుని, కోచింగ్ సార్ చెప్పినట్టే చేయండి. చేతిలో ఏడాది ఉంటే, లేదా నాలాగా పిల్లలకి చెప్పే పని పెట్టుకున్నవాళ్లైతే, సిక్స్త్ గ్రేడ్ నిష్పత్తులతో మొదలుపెట్టి చూడండి. ఇంట్లో చదివించేవాళ్లున్న పిల్లలకైతే పక్కన పెద్దవాళ్లు కూర్చుంటేనే సాగుతుంది. నా ట్యూషన్ పిల్లల్లో ఫోన్ ఇచ్చి వదిలేసినవాళ్లెవరూ రెండో యూనిట్ దాటలేదు.

ప్రస్తుతం నేను మళ్లీ వెనక్కొచ్చి సెవెన్త్ గ్రేడ్ సంభావ్యత దగ్గర ఉన్నాను. డీఎస్సీ నోటిఫికేషన్ పడితే దీన్ని పక్కన పెట్టేసి బిట్ బ్యాంకే తీస్తాను, మొదటి వారం స్కేలుతో, ఆ తర్వాత స్కేలు లేకుండా.