డిసెంబరులో ఎయిలీ బృందం: ఎల్లింగ్టన్ ఉన్న రోజునే వెళ్లండి

ఆల్విన్ ఎయిలీ అమెరికన్ డాన్స్ థియేటర్ న్యూయార్క్ సీజన్‌కు టికెట్లు కొనేవారిలో చాలామంది తమకు వీలైన తేదీ చూసుకుంటారు గాని, ఆ తేదీన ఏ అంశాలు ప్రదర్శిస్తున్నారో చూసుకోరు. మొదటి రెండేళ్లు నేనూ అదే పొరపాటు చేశాను. ఏటా డిసెంబరులో, మన్‌హాటన్ 55వ వీధిలోని సిటీ సెంటర్‌లో సుమారు నెల రోజులపాటు సాగే ఈ సీజన్‌లో పాతవీ కొత్తవీ కలిపి ఎన్నో అంశాలు ఉంటాయి. ఒక్కో ప్రదర్శనలో వాటిలో మూడో నాలుగో మాత్రమే కనిపిస్తాయి. అందువల్ల ఒకే వారంలో వేర్వేరు రోజుల్లో వెళ్లిన ఇద్దరు స్నేహితులు పూర్తిగా భిన్నమైన అభిప్రాయాలతో తిరిగి రావడం, ఇద్దరి మాటా నిజమే కావడం ఇక్కడ మామూలు. కొన్ని సీజన్లు చూసిన తరువాత నాకు స్థిరపడిన అభిప్రాయం ఏమిటంటే, ఈ బృందం సత్తా తెలియాలంటే జాజ్ సంగీతకర్త డ్యూక్ ఎల్లింగ్టన్ సంగీతం ఉన్న రోజును వెతికి పట్టుకోవాలి.

ఇది జాజ్ నాట్యబృందమేనా అని ఎవరైనా అడిగితే అడగవచ్చు. వారు తమను మోడర్న్ డాన్స్ బృందంగానే చెప్పుకొంటారు. కేవలం జాజ్ నాట్యాన్నే నమ్ముకున్న బృందాన్ని చూడాలంటే షికాగో వెళ్లి, గస్ జియోర్డానో 1960లలో స్థాపించిన బృందాన్ని చూడాలి. అయితే బృంద స్థాపకుడు ఎయిలీ శరీరంలోకి జాజ్ ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకుంటే మనవాళ్లకు ఆసక్తి కలుగుతుంది. 1931లో టెక్సస్‌లో పుట్టి, లాస్ ఏంజెలెస్‌లో లెస్టర్ హార్టన్ వద్ద నాట్యం నేర్చుకున్న ఎయిలీ, 1958లో సొంత బృందం పెట్టడానికి ముందు ఏడాది బ్రాడ్‌వేలో 'జమైకా' అనే సంగీత నాటకంలో నర్తించాడు. దానికి నృత్యాలు కూర్చినవాడు జాక్ కోల్. ఈ కోల్ అంతకు ఎంతో ముందే లా మేరీ అనే అమెరికన్ నర్తకి వద్ద భరతనాట్యం అభ్యసించి, ఆ అడుగులనూ గ్రీవాభేదాలనూ (మెడ కదలికలనూ) హస్తాలనూ జాజ్‌లోని స్వింగ్ సంగీతానికి జోడించి నైట్ క్లబ్బుల్లో ప్రదర్శించినవాడు. మెడ ఒక్కటే కదులుతూ భుజాలు నిశ్చలంగా ఉండడం, భుజం ఒక్కటే కదులుతూ నడుము నిలకడగా ఉండడం జాజ్ నాట్యానికి ప్రాణం. ఆఫ్రికా మూలాలు బలంగా ఉన్న ఆ విద్యలో కోల్ ద్వారా మన దక్షిణాది పాయ కూడా ఒకటి వచ్చి కలిసిందన్న సంగతి తెలిసిన తరువాత, కూచిపూడి నేర్చుకుంటున్న మా అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్లడానికి నాకు మంచి సాకు దొరికింది.

ఎల్లింగ్టన్ అంశాలలో మొదట చెప్పవలసినది 'నైట్ క్రీచర్'. ఎల్లింగ్టన్ ఈ సంగీతాన్ని జాజ్ వాద్యబృందమూ సింఫనీ వాద్యబృందమూ కలిసి వాయించేలా రాశాడు. 1955లో కార్నెగీ హాల్‌లో అది మొదటిసారి వినిపించింది. ఎయిలీ 1974లో, ఎల్లింగ్టన్ చనిపోయిన ఏడాది, టెలివిజన్ కోసం దీనికి నృత్యం కూర్చి మరుసటి ఏడు రంగస్థలం మీదకు తెచ్చాడు. సిటీ సెంటర్‌కూ కార్నెగీ హాల్‌కూ మధ్య దూరం రెండు వీధులు మాత్రమే కనుక, ఆ సంగీతం దాదాపు పుట్టినింటి పెరట్లోనే నాట్యంగా మారి నేటికీ ఆడుతోందని అనుకోవడం నాకు ఇష్టం.

రాత్రి వేళ బయటకు వచ్చే మనుషుల వయ్యారమే ఇందులో వస్తువు. కథ లేదు. ఒక ప్రధాన నర్తకి, ఆమె చుట్టూ తళుకు దుస్తుల్లో ఒక గుంపు, ఆ గుంపులో ప్రతి ఒక్కరికీ ఈ రాత్రికి నక్షత్రం తానేనన్న నమ్మకం. తుంటి ఊపుతూ పిల్లిలా నడిచి వచ్చిన గుంపు, చూస్తుండగానే పాదాలను గాలిలో ఒకదానితో ఒకటి కొట్టే శుద్ధమైన బ్యాలే గంతులోకి దూకి, కిందకు దిగే క్షణంలో మళ్లీ భుజాలు వణికిస్తూ జాజ్‌లో తేలుతుంది. ఈ మార్పు ఎక్కడ జరిగిందో పట్టుకోవడం కష్టం, అతుకు కనిపించదు. తాళం తెలిసినవారికి మరొక వినోదం కూడా ఉంది. స్వింగ్ అంటే స్థూలంగా, మాత్రను సమానమైన రెండు భాగాలు చేయకుండా, మూడుగా విభజించి మొదటి రెండింటినీ కలిపి సాగదీయడం. అంటే నాలుగు లెక్కల చతురశ్రం నడుస్తుండగా లోపల మూడు లెక్కల తిశ్రం ఊగుతూ ఉండడం. పైగా ఎత్తుగడ చాలాసార్లు సమం మీద పడదు, అతీతంలో ముందుగానే వచ్చేస్తుంది. మా అమ్మాయి మొదటిసారి చూస్తూ ఒడిలో చేతితో తాళం వేసి, రెండు నిమిషాలకే లెక్క తప్పి మానేసింది. నర్తకులు మాత్రం ఆ సాగదీతను కాళ్లతో లెక్కపెడుతున్నట్టు గాక, నడుముతో వింటున్నట్టు కనిపిస్తారు.

'పా ద డ్యూక్' 1976లో జుడిత్ జామిసన్, మిఖాయిల్ బరిష్నికోవ్‌ల కోసం ఎయిలీ కూర్చిన జంట నృత్యం. ఆమె ఎయిలీ బృందపు పొడగరి నర్తకి, అతడు సోవియట్ దేశాన్ని విడిచి వచ్చి రెండేళ్లయిన బ్యాలే కళాకారుడు; ఇద్దరి మధ్య పోటీయే ఆ నృత్యానికి ఇంధనం. ఆ ఇద్దరి ఛాయ నుంచి బయటపడడం నేటి జంటలకు అంత సులువు కాదు. నేను చూసినవారిలో కొందరు చిరునవ్వులతో నెట్టుకొచ్చారు, ఒక జంట మాత్రం నిజంగా ఒకరినొకరు రెచ్చగొట్టుకుంటూ ఆడింది. 'రిఫ్లెక్షన్స్ ఇన్ డి' 1963 నాటి చిన్న ఏకపాత్ర నృత్యం. ఎయిలీ తన కోసమే చేసుకున్నాడు. పియానో నిదానంగా నడుస్తుంటే ఒక్క పురుషుడు శ్వాస తీసుకున్నంత మెల్లగా చేతులు చాపే ఆ నృత్యాన్ని, ఆలస్యంగా వచ్చి చీకట్లో తమ సీటు కోసం వెతుక్కునేవారు పాడుచేయకుండా ఉంటే అదే పదివేలు. 'ద రివర్' 1970లో అమెరికన్ బ్యాలే థియేటర్ కోసం చేసినది, ఆ బ్యాలే వాసన ఇంకా పోలేదు.

ఎల్లింగ్టన్ కాకపోయినా వదులుకోకూడనిది 'ఎల్లా'. 2011 నుంచి 2023 వరకు కళాదర్శకుడిగా ఉన్న రాబర్ట్ బ్యాటిల్ దీన్ని మొదట ఒక్కరి కోసం కూర్చి, తరువాత ఇద్దరికి మార్చాడు. జాజ్ గాయని ఎల్లా ఫిట్జెరాల్డ్ అర్థంలేని అక్షరాలతో, ఊపిరి తిప్పుకోకుండా పాడే స్కాట్ గానానికి ఇద్దరు నర్తకులు అక్షరానికొక కదలికతో సమాధానం చెబుతారు. మన నట్టువాంగంలో జతి చెబుతుంటే పాదం పలకడం లాంటిదే ఇది, కాకపోతే ఇక్కడ పాదంతో పాటు కనుబొమలు, మోచేతులు, చివరికి ఆయాసం కూడా జతి పలుకుతాయి. ఐదు నిమిషాలు కూడా ఉండదు గాని హాలులో నవ్వు ఆగదు. దీనికి పూర్తిగా వ్యతిరేక స్వభావం గలది జమార్ రాబర్ట్స్ 2019లో డాన్ పుల్లెన్ పియానోకు కూర్చిన 'ఓడ్'. తుపాకీ హింసలో పోయినవారిని తలుచుకునే ఈ నృత్యంలో జాజ్ అంటే ఉల్లాసమే అన్న అపోహ తొలగిపోతుంది.

ఇక 'రెవెలేషన్స్'. నల్లజాతి ప్రార్థనా గీతాలకు 1960లో ఎయిలీ కూర్చిన ఈ అరగంట పైచిలుకు నృత్యం గొప్పదనడంలో నాకు సందేహం లేదు. తెల్లని దుస్తుల్లో నదికి సాగే ఆ బాప్తిస్మ ఊరేగింపును ఎన్నిసార్లు చూసినా విసుగు రాదు. నా అభ్యంతరం దాని చోటు గురించి. చాలా ప్రదర్శనలు దానితోనే ముగుస్తాయి కనుక, ప్రేక్షకులలో సగం మంది ముందు వచ్చే అంశాలను భోజనానికి ముందు వచ్చే చిరుతిండిలా చూస్తారు. పసుపు గౌనులు, విసనకర్రలు కనిపించగానే లేచి చప్పట్లు కొట్టే ఆ జనమే, గంట క్రితం 'ఓడ్' ముగిసినప్పుడు ఎంత కొట్టాలో తెలియక పక్కవారి వైపు చూశారు. కొత్తగా కూర్పించే అంశాలలో కొన్నింటికి ఈ ఉత్సాహమే శాపమైందని నా అనుమానం. ముగింపులో అందరూ ఒక్కసారిగా వేగం పెంచి, చప్పట్లను చేయిపట్టి లాగే పద్ధతి వాటిలో తరచుగా కనిపిస్తుంది.

ఇంకొక లోటు సంగీతం రికార్డింగు కావడం. కొన్ని ప్రత్యేక ప్రదర్శనలకు గాయకులూ వాద్యకారులూ ఉంటారు గాని, ఎక్కువ రోజులు స్పీకర్ల నుంచి వచ్చేదే దిక్కు. నట్టువాంగం సీడీ మీద ఆడే అరంగేట్రాన్ని మనం ఎలా చూస్తామో, ఎల్లింగ్టన్‌ను ఇలా వింటున్నప్పుడు నాకు అలాగే ఉంటుంది. జాజ్‌లో వాద్యకారుడు ఈరోజు కాస్త ఆగితే నర్తకి కూడా ఆగాలి. రికార్డింగు ఎప్పుడూ ఆగదు. మొత్తం సీజన్‌కు పెద్ద జాజ్ వాద్యబృందాన్ని పెట్టడం ఎంత ఖర్చో ఊహించగలను, అయినా ఏడాదికి ఒక్క వారమైనా అలా జరిగితే రెండింతలు పెట్టి టికెట్ కొనడానికి నేను సిద్ధం. 2025లో కళాదర్శకురాలిగా వచ్చిన అలీషియా గ్రాఫ్ మాక్ ఒకప్పుడు ఇదే బృందంలో ప్రధాన నర్తకి, ఆ వెలితి ఆమెకు తెలియనిది కాదు.

హాలు గురించి రెండు మాటలు. 1920లలో ష్రైనర్లు అనే సోదర సంఘం అరబ్బు శైలి గుమ్మటంతో కట్టుకున్న మందిరమిది. 1943లో నగర రంగశాలగా మారింది. రెండు వేలకు పైగా సీట్లున్నాయి. కింద ముందు వరుసల్లో ముఖాలు, చెమట, ఊపిరి అన్నీ కనిపిస్తాయి గాని గుంపు వేసే ముగ్గు కనిపించదు. 'నైట్ క్రీచర్'లో ఏటవాలుగా సాగే వరుసలు ఒకదానిలోంచి ఒకటి దూరిపోయే తీరు చూడాలంటే పై అంతస్తే మేలు, ధర కూడా తక్కువ. కాకపోతే మెట్లు బాగా నిటారుగా ఉంటాయి, మోకాళ్ల నొప్పులున్న పెద్దవారిని అక్కడికి తీసుకెళ్లవద్దు. మా అమ్మాయికి ముఖాలే కావాలి, నాకు ముగ్గు కావాలి. ఏటా టికెట్లు కొనేటప్పుడు మా ఇంట్లో జరిగే వాదన ఇదే, పోయిన డిసెంబరులో చెరొక చోట కూర్చున్నాము.